చిన్నయ్య చెక్క

నూజివీడు,
జనవరి 22.

రవీ,

ఇక్కడ మామిడి పూత క్షేమం. మనుషుల సంగతి కింద రాస్తున్నాను.

ఫోన్లో మొదలుపెడితే పది నిమిషాల్లో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. వాట్సాప్‌లో రాస్తే సాయంత్రానికల్లా చుట్టాల గ్రూపులో తిరుగుతుంది. అందుకని ఉత్తరాలే రాసుకుందామన్న నీ మాట నాకు నచ్చింది. ఇది ఆర్టీసీ కార్గోలో, వెంకాయమ్మ పెట్టిన నిమ్మకాయ జాడీతో కలిపి పంపుతున్నాను. జాడీ తిరిగి పంపించు, ఆవిడ అడుగుతుంది.

యూనివర్సిటీకి సెలవు పెట్టి ఇక్కడికి వచ్చింది పెరూ పుస్తకం పూర్తి చెయ్యడానికి కదా. నాలుగో అధ్యాయం దగ్గరే కూర్చుని ఉన్నాను. 1968లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. మరుసటేడు జూన్‌లో ఆ సైనిక ప్రభుత్వమే పెద్ద పెద్ద ఎస్టేట్లు తీసుకుని కూలీలకి పంచుతామని చట్టం చేసింది. తుపాకులున్నవాళ్ళు ఆ పని ఎందుకు చేశారన్నది ఇరవై ఏళ్ళుగా నా ప్రశ్న. జవాబు దొరికిందనుకున్న ప్రతిసారీ రెండు రోజులకి అనుమానం వస్తుంది.

నిన్న మన తోట చిన్నయ్య అడిగాడు.

"ఏ దేశం గురించండీ అమ్మాయిగారూ, రాసేది?"

"పెరూ."

"అదేనండీ, ఏం పేరు?"

వెంకాయమ్మ మొగుణ్ణి కసిరింది. "దేశానికి పేరే లేకపోతే ఆవిడ మాత్రం ఏం చెప్పుద్ది, ఊరుకో నువ్వు."

సరే, అసలు విషయం. మొన్న గ్రామ సచివాలయం సర్వేయరు క్రాంతి కుమార్ వచ్చి నోటీసు ఇచ్చి వెళ్ళాడు. రీసర్వేలో మన రెడ్డిగూడెం తోట ఇరవై రెండెకరాల్లో పదహారు నాన్న పేరున సరిగ్గానే ఉన్నాయట. బోరున్న ఆరెకరాలు, మనం చిన్నయ్య చెక్క అనే ముక్క, పాత అడంగల్ రికార్డులో ఉత్తి 'చిన్నయ్య' అని ఉంది. తండ్రి పేరు గడి ఖాళీ. ఆ చిన్నయ్య ఎవరో మార్చి 28న కాగితాలతో వచ్చి చెప్పాలి. చెప్పకపోతే వివాదంలో పెట్టేస్తారు.

బాబాయిదే కదా? పనివాళ్ళు నాన్నని పెదయ్యగారు, బాబాయిని చిన్నయ్యగారు అంటుంటే మనం కూడా బాబాయిని చిన్నయ్య అనే పిలిచాం. ఇద్దరూ కలిసిపోకుండా ఇతన్ని 'తోట చిన్నయ్య' అనేవాళ్ళం. పోయిన బాబాయికి భార్యాపిల్లల్లేరు కాబట్టి ఆయనదైతే మనకే వస్తుంది. ఎందుకో ఖాయంగా రాయలేకపోతున్నాను. నీకేమైనా తెలుసా?

అక్క


హైదరాబాద్,
ఫిబ్రవరి 3.

అక్కా,

జాడీ సగమే ఖాళీ అయింది, మిగతా సగం అయ్యాక పంపిస్తా.

అనుమానం నీకు పుట్టుకతో వచ్చింది. బాబాయిది కాక ఎవరిది? ఆ నోటీసు వచ్చింది మన మంచికే. నేను ఫోన్లో చెప్పబోతే నువ్వు వినలేదు, ఇప్పుడు విను. ఎగుమతి కంపెనీ వాళ్ళు పాతికేళ్ళ లీజుకి అడుగుతున్నారు. ముసలి చెట్లు తీసేసి దగ్గర దగ్గరగా కొత్త మొక్కలు, డ్రిప్పు, కాయకాయకీ కవరు. నన్నే సూపర్‌వైజ్ చెయ్యమన్నారు. ఒకటే షరతు, ఇరవై రెండెకరాలూ ఒక్క ముక్కగా ఉండాలి, బోరు అందులో ఉండాలి. నా చిన్న ఎగుమతి ఆఫీసు నిలబడేదీ మూతపడేదీ దీని మీదే ఉందని నీకు తెలుసు.

నువ్వు ఇరవై ఏళ్ళుగా చదువుతున్న దేశం నాకు మామిడికాయల అట్టపెట్టె మీద స్టిక్కరు. రాటర్‌డామ్‌లో మా బయ్యరు ప్రతి ఏప్రిల్లోనూ ఒకటే పాట: "మార్చిదాకా పెరూ కాయ తిన్నాం, ఒక్కటి మచ్చ లేదు, మీ కాయకి ఏమొచ్చింది?" ఎడారిలోకి కాలవలు తవ్వి ఆ కాయ పండించారు వాళ్ళు. నువ్వు వాళ్ళ చరిత్ర చదివావు, నేను వాళ్ళ రేటు చదువుతాను.

అఫిడవిట్ డ్రాఫ్ట్ జత చేశాను. మూడే వాక్యాలు. మా చిన్నాన్నని ఇంట్లోనూ ఊళ్ళోనూ చిన్నయ్య అని పిలిచేవారు. సదరు ఆరెకరాలని చిన్నయ్య చెక్క అంటారు. ఆయనకి మేము తప్ప వారసులు లేరు. చదువుకో, ఒక్క అబద్ధం లేదు. పెద్దదానివి కాబట్టి నీ సంతకం కావాలి.

రవి


నూజివీడు,
ఫిబ్రవరి 17.

రవీ,

సంతకం పెట్టడానికే కూర్చున్నాను. బాబాయి పుట్టిన తేదీ రాయాల్సిన చోట ఆగి, దానికోసం తాతయ్య ట్రంకుపెట్టె దింపించాను.

తేదీ దొరకలేదు. అడుగున ఒక తెల్లకాగితం దొరికింది. 1970 నాటిది. తాతయ్య చేతిరాత మనిద్దరికీ తెలుసు, 'ర' కింద ఆ అనవసరపు తోక. "లక్ష్మీనరసింహారావు అను నేను, చిన్నయ్య, తండ్రి సుబ్బయ్య, కూలి, అను నీకు ఆరెకరముల మెట్ట క్రయమునకు ఇచ్చి స్వాధీనపరచితిని." కింద తాతయ్య సంతకం, పక్కన వేలిముద్ర. నీలం సిరా బొటనవేలు.

బాబాయి బీఎస్సీ చదివాడు. సంతకం ఇంగ్లీషులో పెట్టేవాడు. ఆయన తండ్రి పేరు సుబ్బయ్య కాదు.

ఆ ఏడు తోట చిన్నయ్యకి ఇరవై ఏళ్ళుంటాయి. భూపరిమితి చట్టం వస్తోందని అందరికీ తెలుసు, మూడేళ్ళ తర్వాత వచ్చింది కూడా. పరిమితి దాటిన భూమి పోకుండా తాతయ్య ముందే సర్దుకున్నాడు. కరణం చేత అడంగల్లో పేరు రాయించి, తండ్రి పేరు గడి ఖాళీగా వదిలించాడు. తర్వాత ఎప్పుడైనా ఏ చిన్నయ్య కావాలంటే ఆ చిన్నయ్యని అందులో కూర్చోబెట్టవచ్చు. ఎంత తెలివి!

పెరూలో సరిగ్గా ఇదే జరిగింది. 1969 చట్టంలో ఒక కిటికీ ఉండేది, సొంతదారులు తమంతట తామే భూమి ముక్కలు చేసి పంచుకోవచ్చని. దొరలు ఆ కిటికీలోంచి దూకారు. బావమరుదుల పేర, మేనేజర్ల పేర, నమ్మకమైన పనివాళ్ళ పేర రాసేశారు. ఎస్టేట్ల కూలీలు గోల చేస్తే కొద్ది నెలల్లోనే ప్రభుత్వం ఆ కిటికీ మూసింది. ఇక్కడ గోల చేసినవాళ్ళు లేరు. అక్కడ పేర్లు అరువిచ్చిన ఆ పనివాళ్ళ గురించి నా థీసిస్‌లో ఒక ఫుట్‌నోట్ రాశాను. ఒక్కటంటే ఒక్కటి.

కాగితం నా దగ్గరుంది. చిన్నయ్యకి ఇంకా చెప్పలేదు. పొద్దున రెడ్డిగూడెంలో అతను మందు కొట్టే ట్యాంకు వీపున వేసుకుని పోతుంటే బస్సు కిటికీలోంచి చూశాను. పిలవలేదు.

ఏం చెయ్యమంటావు?

అక్క


హైదరాబాద్,
ఫిబ్రవరి 26.

అక్కా,

ఆ కాగితం కార్గోలో కాదు, రిజిస్టర్డ్ పోస్టులో నాకు పంపించు. వెంటనే.

నాకు తెలుసు. నాన్న పోయే ముందు సంవత్సరం చెప్పాడు. "అక్కకి చెప్పకు, అది దేశాలకి న్యాయం చేసే రకం, ఇంటికి చెయ్యదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. అఫిడవిట్ రాయించినప్పుడు నాకు తెలిసే రాయించాను. ఇప్పుడు నన్ను దొంగని చెయ్యకు. అది ఇచ్చిన భూమి కాదు, పేరున పెట్టిన భూమి. పెట్టడానికీ ఇవ్వడానికీ తేడా ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసు. శిస్తు తాతయ్య కట్టాడు, బోరు నాన్న వేయించాడు, మొక్కలు మన డబ్బుతో కొన్నారు. చిన్నయ్య ఏం పెట్టాడు? బొటనవేలు.

సరే, ఇచ్చేశావనుకో. తర్వాత? నీ పుస్తకంలోంచే అడుగుతాను. ఆ మిలిటరీ పంచిన భూములు ఇవాళ ఎవరి చేతిలో ఉన్నాయి? సహకార సంఘాలు పెట్టారు, అప్పుల్లో ములిగారు, ముక్కలు చేసుకున్నారు, ధరలు ఆకాశానికెక్కాయి, తొంభైల్లో ప్రభుత్వం మారాక కంపెనీలొచ్చి చెక్కలన్నీ ఏరుకున్నాయి. నువ్వే కదా చెప్పావు, మన మేడ మీద కూర్చుని. మూడేళ్ళలో చిన్నయ్య కూడా ఎవడో మైలవరం బ్రోకరుకి అమ్మేస్తాడు. అదేదో మనమే ఉంచుకుంటే అతనికి పని ఉంటుంది, ఇల్లు ఉంటుంది. ముసలాణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పడం న్యాయమా?

కంపెనీకి మాటిచ్చాను అక్కా. నిన్ను బతిమాలుతున్నాను, ఇంకోసారి బతిమాలను.

రవి


నూజివీడు,
మార్చి 10.

రవీ,

ముందు ఇది చదువు: నేను సంతకం పెట్టాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పిన చరిత్రలో తప్పు ఒకటే. పెరూ ఉత్తరాన పియూరాలో మామిడి చాలావరకు చిన్న రైతులదే, కంపెనీలు ఏరుకున్నది ద్రాక్ష, చెరకు నేలలు. మిగతాదంతా నిజం. అందుకని గురువారం మైలవరం బస్సెక్కాను. నూజివీడు నోటరీ నన్ను గుర్తుపడతాడని మైలవరం వెళ్ళాను. అప్పుడైనా అర్థం కావాల్సింది నాకు. తెలిసినవాళ్ళ ముందు పెట్టలేని సంతకం ఎలాంటిదో.

తిరిగి వస్తూ రెడ్డిగూడెంలో దిగి తోటకి నడిచాను. స్టాంపు వేసిన కాగితం బ్యాగులో ఉంది. వెంకాయమ్మ చెక్కలోనే రాలిన పిందెలు ఏరుతోంది.

"గాలికి రాలినియ్యమ్మా. ఊరబెడతా, మీరు పట్టుకెళ్ళండి. అడిగి ఏరుకోలేదని అనుకోమాకండి. పెదయ్యగారున్నప్పట్నుంచీ రాలినియ్యి మాయే."

రాలినవి వాళ్ళవి. యాభై అయిదేళ్ళుగా ఆవిడకి మనం ఇచ్చిన హక్కు అది. అదైనా ఎవరూ ఏమీ అనుకోకుండా ఉండాలని నన్ను అడుగుతోంది, తన నేల మీద వంగి నిలబడి.

చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. తెల్లకాగితం ఫోన్లో ఫోటో చూపించాను. చిన్నయ్య వచ్చి చాలాసేపు చూశాడు.

"వేలు నాదే" అన్నాడు. "పెద్దాయన పిలిచి ఎయ్యమన్నారు. రేషన్ కార్డుకేమో అనుకున్నా."

వెంకాయమ్మ ఒళ్ళోని పిందెలు కింద పడేసింది. నా మొహంలోకి చూడలేదు, చెట్లవైపు చూస్తూ అడిగింది.

"మా తోటలోకి మేమే కూలికొచ్చామా అమ్మా?"

దీనికి జవాబు నీ దగ్గరుంటే రాయి.

అఫిడవిట్ చింపలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను. నీకు పంపను.

అక్క


హైదరాబాద్,
మార్చి 14.

రోజా గారికి,

మీ ఉత్తరం అందింది. నాన్న సరిగ్గానే చెప్పాడు.

28న నేను రావడం లేదు. చుట్టాల ముందు, ఊరి ముందు, ఆఫీసరు అడిగినప్పుడు, మన ఇంట్లో చిన్నయ్య అంటే ఎవరో మీ నోటితో మీరే చెప్పండి. నిజమే చెప్పండి. చిన్నప్పుడు బాబాయి భుజాలెక్కి "చిన్నయ్యా, చిన్నయ్యా" అని జుట్టు పీకింది మీరు.

జాడీ పంపుతున్నాను.

రవితేజ


నూజివీడు,
మార్చి 29.

రవీ,

నాకు పెట్టిన ఆ గారు తీసేసి చదువు, నేను నీకు పెట్టను.

నిన్న సచివాలయంలో తహసీల్దారు మేడమ్ కూర్చున్నారు. చిన్నయ్య, వెంకాయమ్మ, వాళ్ళ అమ్మాయి జ్యోతి వచ్చారు. జ్యోతి గుర్తుందా, మైలవరంలో అంగన్‌వాడీ టీచరు. ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. ఊళ్ళోవాళ్ళు పదిహేనుమంది దాకా తలుపు దగ్గర నిలబడ్డారు. వరసకి నాకు తమ్ముడయ్యే ఉదయ్ కిరణ్ గోడకానుకుని నా వంకే చూస్తున్నాడు.

మేడమ్ మొదట అడిగింది నువ్వు చెప్పిన ప్రశ్నే.

"మీ ఇంట్లో చిన్నయ్య అని ఎవర్ని పిలిచేవారండీ?"

"మా బాబాయిని."

వెంకాయమ్మ తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నీకు రాయలేను.

"అయితే ఈ ఆరెకరాలు ఆయనవా?"

ఉదయ్ కిరణ్ "చెప్పు రోజక్కా" అన్నాడు. చెప్పాను. "కాదండి. ఇందులో రాసిన చిన్నయ్య ఈయన" అని తెల్లకాగితం బల్ల మీద పెట్టాను.

మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఇన్నేళ్ళూ ఎక్కడుంది?"

"మా తాతగారి పెట్టెలో."

"కొన్నవాళ్ళ కాగితం అమ్మినవాళ్ళ పెట్టెలో ఎందుకుందండీ?"

తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై ఏళ్ళు దొరల గురించి రాసినదాన్ని, ఈ ప్రశ్న ఇంత చిన్నగా ఎవరైనా అడగవచ్చని నాకు తట్టలేదు. అప్పుడు చిన్నయ్య లేచి చేతులు కట్టుకుని అన్నాడు.

"మా ఇల్లు కారుద్దండీ వానకి. తడిసిపోద్దని పెద్దాయన దాచారు."

మేడమ్ అతన్ని చూసి, నన్ను చూసి, ఇంకేమీ అడగకుండా రాసుకున్నారు. చిన్నయ్య, తండ్రి సుబ్బయ్య. గడి నిండింది.

అతను మన పరువు కాపాడాడా, తన పని తొందరగా తెమల్చుకున్నాడా, నాకు తెలియదు. దారిలో అడుగుదామనుకున్నాను. వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నాకు చోటుందని ఎవరూ అనలేదు.

అక్క


హైదరాబాద్,
ఏప్రిల్ 19.

అక్కా,

కూర్చుని చదువు.

నీ చిన్నయ్య తన ఆరెకరాలు కంపెనీకి లీజుకిచ్చాడు. అవును, అదే కంపెనీకి. కూతుర్ని వెంటబెట్టుకుని నూజివీడులో వాళ్ళ ఆఫీసుకి తనే వెళ్ళాడట. పాతికేళ్ళు కుదరదు, తొమ్మిదేళ్ళే అన్నాడట. కాయ కోతలకి తన మనుషులనే పెట్టాలన్నాడట. బోరు నీళ్ళు వాళ్ళు వాడుకోగా మిగిలితే ఎవరికివ్వాలో తన ఇష్టమని రాయించుకున్నాడట. ఈ షరతుల్లో ఒక్కటి కూడా నాకు తట్టలేదు. నేను ఎంబీఏ.

నవ్వొచ్చిందనుకో. తర్వాత రాలేదు. నిన్న కంపెనీవాళ్ళు నాకు ఫోన్ చేశారు. "మధ్య ముక్క మాకు వచ్చేసింది, మీ పదహారు ఇస్తే ఇవ్వండి, తొందరలేదు" అన్నారు. తొందరలేదు! సూపర్‌విజన్ మాట వాళ్ళు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆఫీసులో ఇద్దర్ని మానిపించాను. నీ మీద కోపం పోలేదు. కానీ ఎవరి మీదో తెలియకుండా పోయింది.

ఇప్పుడు పని మాట. మన పదహారులో కలెక్టర్ రకం మామిడి చెట్లకి ఇంకో రెండు తడులు పడాలి. లేకపోతే కాయ ఊరదు, ఈ ఏడు కాపు పోయినట్టే. నీళ్ళు అతన్ని అడగాలి. నేను ఫోన్ చేస్తే జ్యోతి ఎత్తి "నాన్న పడుకున్నాడండీ" అంది, పొద్దున తొమ్మిదింటికి. నువ్వే వెళ్ళి అడుగు. నీకు లేదనడు.

రవి


నూజివీడు,
ఏప్రిల్ 30.

రవీ,

నీళ్ళు ఇచ్చాడు. మొదటి తడి నిన్న అయింది, రెండోది పన్నెండు రోజులకి. ఇది ముందు రాశాను, నిశ్చింతగా చదువుతావని.

మొన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నప్పటినుంచీ ఆ వీధి తెలుసు, ఆ గుమ్మం లోపల అడుగుపెట్టడం మొదటిసారి. చిన్నయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జ్యోతి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ముందు నేను అడగాల్సింది నీళ్ళు. అడిగింది చెట్లు.

"కంపెనీవాళ్ళు కోత అవగానే చెట్లు నరికేస్తారట కదా చిన్నయ్యా. నువ్వు నాటినవే కదా అవి."

"నాటినాను గదమ్మా, అందుకే."

"బాధగా లేదా?"

అతను నవ్వాడు. "ఆ చెట్లెక్కీ ఎక్కీ నడుం పోయింది. తేనెమంచు పురుగుకి మందు కొట్టీ కొట్టీ దీనికి దగ్గు పట్టుకుంది" అని వెంకాయమ్మని చూపించాడు. "మీకు పుస్తకంలో బాగుంటాయండీ చెట్లు. మేం కింద నిలబడ్డోళ్ళం."

లోపల్నుంచి వెంకాయమ్మ అంది, "ఎవర్నడిగి నరుకుతారో మాత్రం చూస్తా. నన్నడిగే నరకాలి." ఆ గొంతులో సంతోషమో ఏమో, నేనెప్పుడూ వినలేదు.

ఎందుకు చెప్పాను వీళ్ళకి? చెట్లు నిలుస్తాయని కాదు కదా. వాళ్ళు నాకు నచ్చినట్టు ఉంచుకుంటారని కూడా కాదు. నువ్వడిగావే, ఇచ్చేస్తే తర్వాతేమిటని. పెరూ గురించి నన్ను అడిగినవాళ్ళందరూ ఇదే అడిగారు, ఇచ్చిన భూమి నిలబెట్టుకోలేకపోయారు కదా అని. నిలబెట్టుకోవడమో, అమ్ముకోవడమో, లీజుకివ్వడమో, అది వాళ్ళ లెక్క. మనం చెట్టు కింద కాగితం పట్టుకుని పరీక్ష పెట్టేవాళ్ళం కాదు. ఇది బాగానే రాశాను, అధ్యాయంలో పెట్టుకుంటాను. దీనితో ఆగితే ఉత్తరం కూడా బాగుండేది.

ఆగలేను. నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు చిన్నయ్య లేవలేదు. యాభై ఏళ్ళుగా, నేను ఆరేళ్ళ పిల్లనై గౌను వేసుకుని తోటలోకి వెళ్ళినా, భుజం మీద తువ్వాలు తీసి లేచి నిలబడిన మనిషి. మోకాళ్ళ నొప్పి అయి ఉండవచ్చు. అలా అనుకోవడానికి బోలెడంత వీలుంది. మాట్లాడినంతసేపూ కాళ్ళు చాపుకునే మాట్లాడాడు, మర్యాదగానే. "నీళ్ళకేముందమ్మా, తీసుకోండి. మోటారు మాత్రం నేనొచ్చే వేస్తా" అన్నాడు. నేను వెళ్ళొస్తానన్నప్పుడు కూడా కూర్చునే తల ఊపాడు.

రవీ, నాకు కోపం వచ్చింది. తాతయ్యకి వచ్చేలాంటిది. "ఉంటాను చిన్నయ్య గారూ" అన్నాను. ఆ గారు మర్యాదకి పెట్టింది కాదు, తగలాలని పెట్టింది. అతనికి తగిలిందో లేదో తెలియదు. వీధి మలుపు తిరిగేదాకా వేడి చల్లారలేదు.

ఈ ముక్క ఏ అధ్యాయంలో పెట్టాలో నాకు తెలియడం లేదు. ఇంకెవరికీ చెప్పలేను. నువ్వు నవ్వుతావని నీకు రాస్తున్నాను. నవ్వు.

అక్క